పక్కింటావిడ కేకులో మూడు గుడ్లు

అక్టోబరు 23, గురువారం. వాటర్‌ఫోర్డ్.

మా పక్కింటావిడ పోయిన సంగతి నాకు రేడియో చెప్పింది. ఇక్కడి స్థానిక రేడియోలో పొద్దున వార్తలయ్యాక, చుట్టుపక్కల పోయినవాళ్ల పేర్లు చదువుతారు. పేరు, ఉండే వీధి, ఎవరెవరు దుఃఖంలో ఉన్నారు, ఇంటికి ఏ వేళప్పుడు రావచ్చు, చర్చిలో ప్రార్థన ఎన్నింటికి. నేను రాగిజావ కలుపుతూ వింటున్నాను. ఆవిడ పేరు వచ్చింది. కూతురు, కొడుకు, మనవలు అని చదివి, చివర పొరుగువారు అని కూడా చదివారు. పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చున్నాను. మా అబ్బాయి ఆవిడ ఉన్న ఆసుపత్రిలోనే డాక్టరు. వాడికి ముందే తెలుసు. రోగుల సంగతి ఇంట్లో చెప్పకూడదన్నది వాడి నియమం. నియమం అంటే నియమంలా ఉండాలని వాణ్ణి పెంచింది నేనే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ఎల్లుండి శనివారానికి నెల. ఇక్కడి కాథలిక్కులు మనిషి పోయిన నెలకు చర్చిలో ప్రార్థన చేయించి, వచ్చినవాళ్లకు పక్క హాల్లో టీ ఇస్తారు. మంత్స్ మైండ్ అంటారు. మన మాసికం లాంటిదే, పిండాలు ఉండవు. ఆ టీ బల్ల మీద వాళ్లమ్మ చేసే ఆపిల్ కేకు ఉండాలని ఆవిడ కూతురు ఆశపడింది. అది చేయగలిగిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆ కేకులో మూడు గుడ్లు పడతాయి. నాకు డెబ్బై మూడేళ్లు. ఇంతవరకు గుడ్డు ముట్టుకోలేదు. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

తేల్చుకునే ముందు ఆవిడ గురించి రాసిపెట్టడం న్యాయం అనిపించింది. మన తెలుగువాళ్ల పత్రిక వారు ఎప్పటినుంచో ఏదైనా రాసిమ్మంటున్నారు. ఈ మధ్య నాకు ఓపిక తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం, కలం పట్టుకుంటే బొటనవేలు నొప్పి. అందుకని అలంకారాలు లేకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నా తప్పుతో మొదలుపెడతాను.

ఎనిమిదేళ్ల కిందట, మేం ఈ ఇంట్లో అద్దెకు దిగిన మూడో వారం, ఒక మంగళవారం నాడు ఆవిడ పెరటి గోడ మీదుగా ఒక కేకు అందించింది. అల్యూమినియం కాగితం చుట్టినా వేడి తెలుస్తోంది. దాల్చినచెక్క, లవంగం, ఉడికిన పండు వాసన. "థాంక్యూ మేడమ్" అని రెండు చేతులా పుచ్చుకున్నాను. లోపలికి తెచ్చి విప్పి చూస్తే కేకు పసుపు పచ్చగా ఉంది. గుడ్డు. మా అబ్బాయీ కోడలూ బయట ఏం తింటారో నేను అడగను. నా వంటింట్లోకి గుడ్డు రాదు. ఆ కేకును అలాగే కాగితంతో సహా తీసుకెళ్లి, తిండి వ్యర్థాలు వేసే బ్రౌన్ బిన్‌లో వేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

గురువారం బిన్‌లు తీసుకెళ్లే రోజు. ఆ పొద్దున గాలి హోరుమని వీస్తోంది. నేను కిటికీ తెర తీసేసరికి మా బ్రౌన్ బిన్ రోడ్డు మీద బోర్లా పడి ఉంది. ఆవిడ దాన్ని లేపి నిలబెట్టి, కింద పడ్డ కూరగాయ తొక్కులూ టీ పొడీ తన చేత్తోనే ఎత్తి వేస్తోంది. వాటి మధ్య ఉన్న తన కేకును కూడా ఎత్తింది. ఒక్క క్షణం చూసి, బిన్‌లో వేసి, మూత పెట్టింది. నేను తెర వెనకే నిలబడిపోయాను. బయటికి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం తలుపు తట్టింది.

"వెల్ గర్ల్, ఒక్క మాట అడిగి పోతాను. గుడ్డు వల్లనా, నా వల్లనా?"

ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను. ఆ 'గర్ల్' మాత్రం మార్చను. నన్ను ఆ మాట అన్నవాళ్లు అప్పటికి యాభై ఏళ్లుగా ఎవరూ లేరు. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. నేను వరండాలో నడుస్తుంటే స్టాఫ్‌రూమ్‌లో నవ్వులు ఆగిపోయేవి. ఈ ఊళ్లో తొంభై ఏళ్ల ముసలమ్మనైనా గర్ల్ అనే పలకరిస్తారని తర్వాత తెలిసింది.

"గుడ్డు వల్ల" అన్నాను.

"హమ్మయ్య. నేను కాదు కదా." గుమ్మంలోనే నిలబడి ఊపిరి వదిలింది. "మీకంటే ముందు ఈ ఇంట్లో ఉన్న డాక్టరు కూడా మీ దేశం వాడే. పాపం శనివారాలు గుడ్డు తినేవాడు కాదు. ఇవాళ మంగళవారమే కదా అని రెండుసార్లు చూసుకుని మరీ ఇచ్చాను."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. క్షమించమని మొదలుపెట్టాను. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అది వదిలెయ్. గుడ్డు లేకుండా చేస్తే తింటావా?"

"గుడ్డు లేకుండా కేకెలా అవుతుంది?"

"అది నా గొడవ. నువ్వు తింటావో తినవో అది చెప్పు."

తింటానన్నాను. ఆవిడకు అప్పటికి డెబ్బై ఆరు. గాజు సామాన్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. కూతురు కార్క్ అనే ఊళ్లో, కొడుకు అత్లోన్‌లో ఉంటారు. పెరట్లో ఒక్క ఆపిల్ చెట్టు. దాని కాయలు వంటకు తప్ప పనికిరావు. పెద్దవి, ఆకుపచ్చనివి, పుల్ల మామిడంత పులుపు. మొదటి ఏడు ఒక సంచెడు ఇస్తే నేను ముక్కలు కోసి, ఆవపిండీ కారమూ కలిపి జాడీలో పెట్టాను. మూడో రోజు ఒక సీసా ఆవిడకిచ్చాను. చీజ్‌తో, రొట్టెతో తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఖాళీ సీసా వెనక్కి తెచ్చింది. "ఇది తిండా, శిక్షా?" అని అడిగి, ఇంకో సీసా ఉందేమో చూడమంది.

గుడ్డు లేని కేకు అంత సులువుగా కుదరలేదు. ముందు అసలు కేకులో ఏది ఎంత పడుతుందో తెలియాలి కదా. ఆవిడకు కొలతలు లేవు. గుప్పెడు, కొంచెం, చాలినంత. పంచదార ఎంత అంటే, "పోస్తుంటే భయం వేసేదాకా" అంది. అది కొలతా? మర్నాడు నా వంటింటి కాటా, నోటు పుస్తకం పట్టుకుని ఆవిడ వంటింటికి వెళ్లాను. ఆవిడ బల్ల దగ్గర పని, నేను కిటికీ పక్క కుర్చీలో. ఆవిడ గుప్పిట్లోది గిన్నెలో పడేలోపల కాటా మీద పెట్టమంటాను. ఆవిడ విసుక్కుంటుంది. అంకె రాసుకుంటాను. వెన్న రెండువందల గ్రాములు. ముదురు పంచదార నూట ఎనభై. పిండి రెండువందల యాభై. గుడ్లు మూడు, పెంకుతో సహా నూట ఎనభై ఆరు. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి కాటాను ముట్టుకోవాల్సి వస్తుందేమోనని కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరుపుకున్నాను. ఆవిడ అది గమనించి, ఒక్కో గుడ్డూ కాటా మీద పెడుతూ, ఆకాశవాణి వాళ్లలా గట్టిగా అంకె చదివింది.

పుస్తకంలో ఎడమ పేజీ గుడ్ల కేకుకు, కుడి పేజీ గుడ్డు లేనిదానికి. కుడి పేజీలో కొట్టివేతలు నాలుగున్నాయి. అరటిపండుతో చేసింది జిగటైంది. వెనిగర్‌తో చేసింది మధ్యలో కుంగి గుంట పడింది. మూడోది, ఏం వేశామో ఇక్కడ రాయడం కూడా అనవసరం, ఆవిడ దాన్ని వంటింటి గట్టు మీద కొట్టి చూసి, "గోడకు పనికొస్తుంది" అంది. నాలుగోది పిట్టలకు వేశాం. పిట్టలు కూడా మర్నాటిదాకా ఆలోచించాయి.

ఐదోసారి వెళ్లేసరికి ఆవిడ రోజువారీ రొట్టె చేసుకుంటోంది. ఇక్కడి సోడా రొట్టె. పిండిలో సోడా, ఉప్పు వేసి మజ్జిగతో కలిపి కాలుస్తారు. ఈస్టు ఉండదు. నేను అలవాటుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. పుల్ల మజ్జిగ తగలగానే పిండిలో బుడగలు లేచాయి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఆమ్లం, క్షారం కలిస్తే ఏమవుతుందో చెప్పిన మనిషిని. నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను.

"ఈ రొట్టెలో గుడ్డుందా?" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది, రొట్టె వైపు చూసింది. "అరవై ఏళ్లుగా రోజూ చేస్తున్నాను గర్ల్. నాకు సిగ్గు లేదూ?" అంది.

ఇంటికెళ్లి మూడోనాటి మజ్జిగ తెచ్చాను, బాగా పులిసింది. ఆ మజ్జిగతో కేకు పొంగింది. సోడా వేశాక క్షణం ఆలస్యం చేయకుండా పొయ్యిలో పెట్టాలి, మధ్యలో తలుపు తట్టినా పలకకూడదు అని కుడి పేజీ అడుగున గీత గీసి రాశాను. చల్లారేదాకా కోయకూడదన్నది ఆవిడ నియమం. ఆ రోజు ఇద్దరం నిలబడే, చేతులు కాల్చుకుంటూ తిన్నాం.

అప్పటినుంచి ప్రతి ఏడూ చెట్టు కింద కాయలు రాలడం మొదలవగానే రెండు కేకులు. వాళ్ల పిల్లలకు గుడ్డుది, మాకు మజ్జిగది. నా కేకు కాల్చే డబ్బా వేరు, గరిటె వేరు. ముందు నాది చేసేది. చేసే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది, ఆపరేషన్‌కు వెళ్లే డాక్టరులా. గుడ్ల అట్టపెట్టె తీసుకెళ్లి ప్రెస్‌లో పెట్టి తలుపు మూసేది. ఇక్కడ ప్రెస్ అంటే అలమర. అంత అక్కర్లేదని నేను చెబితే వినేది కాదు. "నీకు తెలియదు, గుడ్డు తొంగి చూస్తుంది" అనేది.

మసాలా దగ్గర మాత్రం ఎనిమిదేళ్లూ తగువే. ఆవిడ కొట్టులో అమ్మే కలిపిన పొడి వేసేది. నేను దాల్చినచెక్క, లవంగం, జాజికాయ దోరగా వేయించి, కాస్త శొంఠి చేర్చి దంచి ఇచ్చాను. "మందుల కొట్టు వాసన" అంది. నాలుగో ఏడు నేను ఇవ్వడం మానేస్తే, "ఈసారి పొడేది?" అని గోడ దగ్గరికి వచ్చి అడిగింది. వాళ్ల పిల్లల కేకులో కూడా అప్పటినుంచి అదే పొడి. ఎడమ పేజీలో ఆ మార్పు తేదీ వేసి రాశాను.

రోజూ పొద్దున మరణవార్తలు చదివే వేళకు నేను ఆవిడ వంటింట్లో ఉంటే, చెయ్యి పైకెత్తి ఉంచేది. అంటే మాట్లాడకు అని. తెలిసిన పేరు వస్తే ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగేది. దిగిందంటే ఆ వారంలో ఏదో ఒక ఇంటికి రొట్టో కేకో వెళ్తుంది. ఇక్కడ కూడా చావు ఇంటికి ఇరుగుపొరుగే తిండి పట్టుకెళ్తారు. మంచి పద్ధతి.

ఒక ఏడు మా వారి తిథినాడు నేను ఒంటిపూట ఉన్నాను. మా మనవరాలి ద్వారా తెలుసుకుని, ఆవిడ వట్టి చేతులతో వచ్చింది. అలా రావడం అదే మొదటిసారి. వంటింట్లో కూర్చుని, కాకికి పెట్టడానికి నేను ముద్ద ఎందుకు తీశానని అడిగింది. చెప్పాను. అప్పుడు అంది, "మా ఆయన పోయాక మూడేళ్లు ఆయనకిష్టమైన కేకు చేయలేదు. ఎవరికోసం అని. వాళ్లకి మనం ఏం పెట్టినా వాళ్లు తినరు గర్ల్. పెట్టకపోతే మాత్రం మనకు ఆకలేస్తుంది."

 

ఈ సెప్టెంబరులో ఆవిడ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండుసార్లు వెళ్లి చూశాను. రెండోసారి వెళ్లినప్పుడు కళ్లు మూసుకునే, "కాయలు రాలుతున్నాయా?" అంది.

"రాలుతున్నాయి."

"ఏరుతున్నావా?"

"నా నడుం సంగతి నీకు తెలుసు కదా."

"మీ పిల్లను పంపు. దానికి నడుం ఉంది." అంతే. మేం మాట్లాడుకున్న చివరి మాటలు అవే. ఇంకాస్త మంచివి ఏవైనా మాట్లాడుకుని ఉండాల్సింది అనిపిస్తుంది. కాయలైతే ఏరించాను. మూడు డబ్బాలు షెడ్డులో ఉన్నాయి.

ఆవిడను వాళ్ల ముందుగదిలో పడుకోబెట్టిన రోజు ఇల్లంతా జనం. వరసగా వచ్చి, చెయ్యి కలిపి, మీ కష్టానికి విచారిస్తున్నాం అని ఒకే మాట చెప్పి, వంటింట్లోకి వెళ్లి టీ తాగుతున్నారు. నేనూ చెప్పాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. మళ్లీ వెళ్లి కప్పులు కడిగాను. మళ్లీ వచ్చి మళ్లీ స్నానం. అలా మూడుసార్లు. మా కోడలు చూసి, "అత్తయ్యగారూ, జలుబు చేస్తుంది, ఇంక అక్కడే ఉండిపోండి, లేకపోతే ఇక్కడే ఉండిపోండి" అంది. దానికీ ఏడుపొస్తోంది, అందుకే గట్టిగా అంది.

మొన్న ఆదివారం ఆవిడ కూతురు వచ్చింది. ఇల్లు అమ్మకానికి పెడుతున్నారట. ఎల్లుండి టీకి కేకు తనే చేయాలనుకుని, కార్క్‌లో రెండుసార్లు చేసి చూసిందట. కుదరలేదు.

"మీ దగ్గర గ్రాముతో సహా రాసుందని అమ్మ అందరికీ చెప్పేది" అంది. పుస్తకం తెచ్చి చూపించాను. ఎడమ పేజీ అంతా తెలుగు. ఆ అమ్మాయి వేలితో ఆ అక్షరాలను తడిమింది. అమ్మాయి అంటే యాభై దాటిన మనిషి. "ప్రపంచంలో మా అమ్మ కేకు రాసి ఉన్నది ఇదొక్కచోటేనన్నమాట. నాకు ఒక్క ముక్క చదవడం రాదు" అని నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

ఇంగ్లీషులో తిరగరాసి ఇచ్చాను. మంగళవారం వాళ్లమ్మ వంటింట్లోనే, వాళ్లమ్మ డబ్బాతోనే చేద్దామని కూర్చున్నాం. ఆమె బల్ల దగ్గర, నేను నా పాత కుర్చీలో. కొలతలన్నీ సరిగ్గానే పడ్డాయి. కానీ గుడ్లు ఒక్కొక్కటిగా వేసి, ఒక్కోదాని తర్వాత చెంచాడు పిండి చల్లి, ఎంతసేపు గిలకొట్టాలన్నది కాగితం మీద నిలిచేది కాదు. అది చేతికి తెలియాలి. నేను ఎనిమిదేళ్లు చూసి ఉన్నాను కాబట్టి నా కంటికి తెలుసు.

"ఇప్పుడు వెయ్యనా?"

"ఇంకా కాదు."

"ఇప్పుడు?"

"అయ్యో, దాటిపోయింది."

వెన్న విరిగిన పాలలా ముక్కలైపోయింది. రెండోసారికి వెన్న తూచి గిన్నెలో వేసింది. గిన్నె వదిలేసి సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది.

"ఇంక వద్దండి. ఈ వంటింట్లో నావల్ల కాదు. ఎటు చూసినా అమ్మ చేతులే కనిపిస్తున్నాయి. కొనేస్తాను. కొన్నది పెడితే ఎవరేమంటారు? తమ్ముడు అడిగిందల్లా ఇదొక్కటే, వాడే ఏదో ఒకటి అనుకుంటాడు."

"నా మజ్జిగది చేసి తెస్తాను" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. "మీ కేకు చాలా బాగుంటుంది ఆంటీ. అమ్మ మాకూ రుచి చూపించింది. కానీ అది మీకోసం చేసింది. మాకు చేసింది వేరు." చేతులు తుడుచుకుంటూ, "మీరు గుడ్డు ముట్టుకోరని నాకు తెలుసు. అందుకే నేను అడగడం లేదు. చూడండి, అడగడం లేదు" అంది.

అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది.

నిన్న భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. మా కోడలు వెంటనే, "దానికేముంది అత్తయ్యగారూ, గుడ్లు నేను కొట్టి ఇస్తాను. మీరు గిన్నె పట్టుకోండి చాలు. గ్లవ్స్ వేసుకుందురుగాని" అంది.

మనవరాలు పదమూడేళ్లది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి ఇంగ్లీషులో వస్తుంది. "ఐ'ల్ క్రాక్ దెమ్, నానమ్మా. ఇట్స్ గ్రాండ్. డాడ్ రోజూ క్యాంటీన్‌లో ఆమ్లెట్ తింటాడు, యూ నో."

మా అబ్బాయి పెరుగన్నంలోకి తల దించుకున్నాడు.

"తెలుసు. వాడి చొక్కా చెబుతుంది" అన్నాను.

"మరి ఎప్పుడూ అనలేదేంటమ్మా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"నువ్వు రోగుల సంగతి చెప్పవు. నేను చొక్కాల సంగతి చెప్పను."

ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంకొకళ్లు కొట్టి పోస్తే నేను గరిటె తిప్పి, నేను ముట్టుకోలేదని చెప్పుకోవడం లెక్క తప్పడం. అలాంటి లెక్క రాసిన పిల్లలకు నేను మార్కులు వేయలేదు. పైగా పని సగం చేతిలో, సగం ఇంకొకరి చేతిలో ఉంటే వెన్న మళ్లీ విరుగుతుంది. చేస్తే మొత్తం నేనే చేయాలి. లేకపోతే కొన్న కేకే.

పొద్దున్నించి ఇది రాస్తూ కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు కలం పక్కన పెట్టి పడుకున్నాను. మా అమ్మ ఉండి ఉంటే ఏమనేదో తెలుసు. మా అత్తగారు ఏమనేవారో ఇంకా బాగా తెలుసు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. వాళ్లు చెప్పింది తప్పని కూడా అనను. గుడ్డు నేను తినను, పోయేదాకా తినను. కానీ ఆ రోజు గాలిలో, రోడ్డు మీద, నా ఇంటి చెత్తలోంచి తన కేకును ఎత్తుకున్న చేతులు నా డబ్బా పట్టుకునే ముందు ఎనిమిదేళ్లు మోచేతుల దాకా కడుక్కున్నాయి. ఒక్క పూట పని చేసి, తర్వాత నేనూ కడుక్కోగలను. నీళ్లున్నాయి, సబ్బుంది.

ఇప్పుడే ఆ అమ్మాయికి ఫోన్ చేసి కేకు నేనే చేస్తానని చెప్పాను.    గుడ్లు తెచ్చి పెట్టమన్నాను. ఎన్ని అంటే, మూడు అని, మళ్లీ ఆలోచించి ఆరు అన్నాను. నాకు కొట్టడం రాదు కదా.

ఇక జరగాల్సినవి:

1. రేపు తొమ్మిదిన్నరకు ఆ అమ్మాయి వాళ్లమ్మ ఇంటి తాళం తీస్తుంది. కేకు అక్కడే, ఆవిడ పొయ్యిలోనే. ఆ పొయ్యి ఎడమ పక్క ఎక్కువ కాలుతుంది, సగం అయ్యాక డబ్బా తిప్పాలి.

2. షెడ్డులోంచి ఐదు కాయలు మనవరాలు తేవాలి. దెబ్బ తగిలినవి వద్దు. స్కూలుకు వెళ్లే ముందే తేవాలి, మరిచిపోయానంటే ఊరుకోను.

3. మసాలా ఈ రాత్రే దంచి పెట్టుకోవాలి.

4. వెన్న, గుడ్లు ఒక గంట ముందు బయట పెట్టాలి. చల్లగా ఉంటే విరుగుతుంది.

5. మొదటి గుడ్డు విడి గిన్నెలో కొట్టాలి. పెంకు పడితే తీయడానికి. తొందరపడకూడదు. ఎవరూ పక్కన నిలబడి ధైర్యం చెప్పకూడదు.

6. రుచి చూడటం ఉండదు. ఉప్పు, మసాలా పుస్తకాన్ని నమ్మి వేయాలి.

7. అయ్యాక తలస్నానం. గీజర్ సంగతి కోడలికి చెప్పి ఉంచాలి.

8. శనివారం ప్రార్థనయ్యాక కేకు హాల్లో బల్ల మీద పెట్టి, కోసే పని వేరేవాళ్లకు వదలాలి. మొదటి ముక్క ఆ అమ్మాయికి, రెండోది అత్లోన్ నుంచి వచ్చే తమ్ముడికి. నేను కోటు విప్పకుండా తలుపు దగ్గర నిలబడతాను. సరిగ్గా కుదిరిందో లేదో నాకు తెలిసే దారి ఒక్కటే. వాళ్లిద్దరూ నములుతూ నములుతూ ఎక్కడ ఆగుతారో, ఆగి ఎవరి వైపు చూస్తారో చూడాలి.